జీడిగింజ మీద పన్ను: మొజాంబిక్‌లో ఒక రుణ షరతు ఏం చేసింది

ప్రపంచ బ్యాంకు ఒక దేశంతో చేసుకునే రుణ ఒప్పందం చివర ఒక పట్టిక ఉంటుంది. ఒప్పందం మొదటి పేజీలు అందరూ చదువుతారు, ఈ పట్టిక జోలికి పోయేవాళ్ళు తక్కువ. ఏ నెలలోపు ఏ చట్టం మార్చాలి, ఏ పన్ను ఎంతకు దించాలి, అది జరిగితే ఏ విడత డబ్బు వస్తుంది అన్నదంతా అందులోనే ఉంటుంది. నా పని ఆ పట్టికలతో. వ్యవసాయ వాణిజ్యం మీద షరతు పెట్టేముందు దాని వల్ల ఎవరికి ఎంత వస్తుంది, ఎవరికి ఎంత పోతుంది అని లెక్క కడతాను. రుణం ముగిశాక ఆ లెక్కలో ఎంత నిలిచిందో చూస్తాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు నేను మొదట చదవమని ఇచ్చేది ఆఫ్రికా దేశం మొజాంబిక్‌లో జరిగిన జీడిగింజల వ్యవహారం. విధానాలు మార్చుకోవాలన్న షరతుతో ఇచ్చే సర్దుబాటు రుణాల చరిత్రలో ఇంతకన్నా పెద్ద నష్టాలు జరిగాయి, ఇంతకన్నా పెద్ద విజయాలూ ఉన్నాయి. ఒక షరతు కాగితం మీద నుంచి చెట్టు కింది మనిషి దాకా వెళ్ళేసరికి ఏమవుతుందో మాత్రం ఇంత స్పష్టంగా మరెక్కడా కనపడదు.

నేపథ్యం కొంచెం చెప్పాలి. ప్రపంచ బ్యాంకు 1980 దాకా ప్రధానంగా డ్యాములకూ రోడ్లకూ విద్యుత్ కేంద్రాలకూ అప్పు ఇచ్చేది. 1979లో చమురు ధరలు రెండోసారి ఎగబాకాక (రెండో చమురు షాక్) పేద దేశాల దగ్గర దిగుమతులకు డాలర్లు లేకుండా పోయాయి. అప్పుడు మొదలయ్యాయి వ్యవస్థాగత సర్దుబాటు రుణాలు. డబ్బు నేరుగా ఖజానాకు వస్తుంది, బదులుగా ప్రభుత్వం విధానాలు మార్చుకోవాలి. టర్కీ, కెన్యా, ఫిలిప్పీన్స్, సెనెగల్, బొలీవియా మొదటి వరుసలో తీసుకున్నాయి. మొజాంబిక్ 1984లో బ్యాంకులోనూ అంతర్జాతీయ ద్రవ్యనిధిలోనూ చేరింది, 1987లో ఆర్థిక పునరావాస కార్యక్రమం ప్రారంభించింది. అప్పటికి అక్కడ పదేళ్ళుగా అంతర్యుద్ధం నడుస్తోంది. 1992 అక్టోబరులో రోమ్‌లో శాంతి ఒప్పందం కుదిరేనాటికి అది ప్రపంచంలోకెల్లా నిరుపేద దేశాల్లో ఒకటి. బడ్జెట్‌లో సింహభాగం దాతలదే. ఒక షరతుకు "కుదరదు" అని చెప్పగల స్థితిలో ఆ ప్రభుత్వం ఎంతవరకు ఉందన్నది ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి.

చెట్లు, ఫ్యాక్టరీలు

1960ల్లో ప్రపంచంలో పండే జీడిగింజల్లో దాదాపు సగం మొజాంబిక్‌వే. 1970ల ఆరంభంలో పంట 2 లక్షల టన్నులు దాటింది. చెట్లన్నీ చిన్న రైతులవి. ఒక్కో ఇంటికి పెరట్లోనో చేనుగట్టునో కొన్ని చెట్లుంటాయి, నీరు పెట్టే పని లేదు, అక్టోబరు నవంబరుల్లో రాలడం మొదలైతే ఏరుకుని అమ్ముకుంటారు. ఉత్తరాన నంపులా ప్రాంతంలో ఈ పంట ఎక్కువ. సుమారు 10 లక్షల కుటుంబాలకు ఇది చేతిలోకి నగదు వచ్చే దారి.

1975లో స్వాతంత్ర్యం వచ్చింది. పోర్చుగీసు వ్యాపారులు దేశం వదిలి వెళ్ళడంతో పల్లెల్లో గింజలు కొని బదులుగా బట్ట, సబ్బు, ఉప్పు ఇచ్చే దుకాణాలు మూతబడ్డాయి. ప్రభుత్వం రైతులను సామూహిక గ్రామాల్లోకి తరలిస్తే చాలామంది తమ చెట్లకు దూరమయ్యారు. ఆ తర్వాత యుద్ధం. చెట్లు ముసలివయ్యాయి, బూడిద తెగులు పట్టింది, కొత్త మొక్క నాటినవాడు లేడు. 1990ల్లో మంచి ఏడాదిలో కూడా మార్కెట్‌కు వచ్చిన పంట 70 వేల టన్నులకు చేరలేదు.

అంగోషె, మొనాపొ వంటి చిన్న పట్టణాల నుంచి రాజధాని మాపుతో దాకా జీడి ఫ్యాక్టరీలుండేవి. గింజను పారిశ్రామిక స్థాయిలో పప్పుగా మార్చిన మొదటి ఆఫ్రికా దేశం ఇదే. ఆ ఫ్యాక్టరీలకు గింజ అందాలని 1978లో ప్రభుత్వం పచ్చి గింజల ఎగుమతిని నిషేధించింది. 1990ల ఆరంభంలో నిషేధం తీసి, దాని చోట భారీ ఎగుమతి పన్ను పెట్టింది. అది 60 శాతంతో మొదలైంది.

ఈ పన్ను పని చేసే తీరు తేలికే. గింజను బయటికి పంపేవాడు రేవులో పన్ను కట్టాలి, కాబట్టి రైతుకు అంత తగ్గించి ఇస్తాడు. ఫ్యాక్టరీ కూడా ఆ తగ్గిన ధరకే కొంటుంది. ఫ్యాక్టరీని కాపాడే ఖర్చు ఖజానా భరించడం లేదు, చెట్టు కింది మనిషి భరిస్తున్నాడు. 1995లో బ్యాంకు నిపుణులు అన్నది ఇదే, ఆ మాట తప్పు కాదు. వాళ్ళు మరో మాట కూడా అన్నారు. ఆ ఫ్యాక్టరీల యంత్రాలు గింజను విసిరికొట్టి పగలగొడతాయి, గుండు పప్పు తక్కువగానూ ముక్కలు ఎక్కువగానూ వస్తాయి. భారతదేశంలో అదే గింజను చేత్తో కొట్టి గుండు పప్పు ఎక్కువ తీస్తారు. పప్పు ధరంతా గుండులోనే ఉంది. కాబట్టి గింజను పచ్చిగా అమ్మేస్తే దేశానికి వచ్చే డబ్బు, ఇంత శ్రమపడి పప్పు చేసి అమ్మితే వచ్చేదానికన్నా నయమని వాళ్ళ వాదన. యంత్రాల విషయంలో వాళ్ళ పరిశీలనతో నేను ఏకీభవిస్తాను.

అలా షరతు పుట్టింది. 1995-96 సీజన్‌కు పన్ను 20 శాతం, తర్వాతి ఏడాదికి 14, అక్కడి నుంచి దశలవారీగా సున్నాకు. మొజాంబిక్‌కు బ్యాంకు రాసుకున్న సహాయ వ్యూహంలో జీడి రంగం సరళీకరణ తప్పనిసరి షరతుగా చేరింది.

ఒకే చేతి రెండు పనులు

సరిగ్గా దానికి ముందే, 1994-95లో, ప్రభుత్వ ఫ్యాక్టరీలను ప్రైవేటువాళ్ళకు అమ్మారు. అమ్మకం కూడా సంస్కరణల కార్యక్రమంలో భాగమే. కొన్నవాళ్ళు యంత్రాలు బాగుచేయించడానికి డబ్బు పెట్టారు. పరిశ్రమకు రక్షణ కొనసాగుతుందన్న భరోసాతోనే కొన్నామని వాళ్ళు తర్వాత గట్టిగా వాదించారు. వాదన ఎలా ఉన్నా వరుస మాత్రం కాదనలేనిది. ముందు ఫ్యాక్టరీ అమ్మారు, వెంటనే ఆ ఫ్యాక్టరీ బతకడానికి ఆధారమైన పన్నును తీసేయడం మొదలుపెట్టారు. రెండు షరతులూ ఒకే రుణ సంబంధం నుంచి వచ్చినవి. రెండు వేర్వేరు బృందాలు రెండు వేర్వేరు వరుసల్లో రాసి, పట్టికను ఎవరూ అడ్డంగా చదవకపోతే ఇలా జరుగుతుంది. నేను చూసిన ఫైళ్ళలో ఇది అరుదేమీ కాదు.

ఇంకొకటి. పంట మూడు నాలుగు నెలల్లో వచ్చేస్తుంది. ఫ్యాక్టరీ ఏడాది పొడుగునా నడవాలంటే ఆ మూడు నాలుగు నెలల్లోనే ఏడాది సరుకంతా కొని గోదాములో పెట్టుకోవాలి, అందుకు పెద్ద మొత్తం అప్పు కావాలి. పచ్చి గింజ ఎగుమతిదారుకు ఆ బాధ లేదు. కొంటాడు, ఓడ ఎక్కిస్తాడు, డబ్బు చేతికొస్తుంది, మళ్ళీ కొంటాడు. ద్రవ్యోల్బణం అణచడానికి ద్రవ్యనిధి కార్యక్రమం కింద రుణ పరపతిని అప్పుడు గట్టిగా బిగించారు. ఆ బిగింపు మరీ ఎక్కువైందని 1995లో మాపుతోలోని దాత దేశాల ప్రతినిధులే బహిరంగంగా లేఖ రాశారంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. వడ్డీ ఆ స్థాయిలో ఉన్నప్పుడు ఏడాది సరుకు నిల్వ పెట్టుకోవాల్సిన ఫ్యాక్టరీ నెలలోనే డబ్బు తిప్పుకునే ఎగుమతిదారుతో పోటీపడి నిలవడం కష్టం. ఫ్యాక్టరీలు మూతపడటానికి వాటి అసమర్థతే కారణమని కాగితాల్లో చదివినప్పుడల్లా నాకు ఈ వడ్డీ గుర్తొస్తుంది. పాత యంత్రాలు ఒక కారణం, ఖరీదైన అప్పు ఇంకో కారణం. దేని పాలు ఎంతో విడదీసి చూడకుండానే తీర్పు రాసేశారు.

2001 నాటికి పెద్ద ఫ్యాక్టరీలు దాదాపు అన్నీ ఆగిపోయాయి. వాటిలో పనిచేసిన సుమారు 10 వేల మందిలో పదింట తొమ్మిది మంది ఉపాధి పోయింది. వాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. మొనాపొ, అంగోషె లాంటి ఊళ్ళలో నెల జీతం వచ్చే మరో చోటు చూపించడం కష్టం.

చెట్టు కిందికి ఎంత వచ్చింది

ఈ కేసులో నేను ఎక్కువ సేపు ఆగేది ఇక్కడ. ఫ్యాక్టరీ పని పోయినా రైతుకు మేలు జరిగి ఉంటే నేను ఆ షరతును సమర్థించేవాణ్ణి. 10 వేల జీతాల కన్నా 10 లక్షల పేద కుటుంబాలు పెద్ద సంఖ్య. బ్యాంకు వాదనకు నైతిక బలం అంతా అక్కడే ఉంది.

మార్గరెట్ మెక్‌మిలన్, డానీ రోడ్రిక్, కారెన్ హార్న్ వెల్చ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2002లో ఈ లెక్క తీశారు. ఎగుమతి ఆంక్షలు తగ్గించడం వల్ల దేశానికి వచ్చిన ప్రత్యక్ష లాభం ఏడాదికి సుమారు 66 లక్షల డాలర్లు, అంటే జాతీయోత్పత్తిలో 0.14 శాతం. రైతులకు చేరింది 53 లక్షల డాలర్లకు మించదు. ఒక్కో జీడి రైతు కుటుంబానికి ఏడాదికి 5 డాలర్ల 30 సెంట్లు. పట్టణాల్లో పోయిన ఉపాధి ఖర్చును ఇటు వేస్తే లాభంలో చాలా భాగం చెల్లుకు చెల్లు.

5 డాలర్ల 30 సెంట్లు అనే అంకె చూసి మొదట నేను కూడా ఎక్కడో తప్పు ఉందనుకున్నాను. కాగితం తీసుకుని వేసి చూడండి. మంచి ఏడాదిలో 60 వేల టన్నులు అనుకుందాం, 10 లక్షల కుటుంబాలకు పంచితే ఇంటికి 60 కిలోలు. కిలోకు 10 సెంట్లు ధర పెరిగి, ఆ మొత్తం ఒక్క సెంటు కూడా దారిలో ఆగకుండా రైతుకు చేరినా ఆరు డాలర్లు. అంతకు మించి రావడానికి అక్కడ సరుకే లేదు. ఈ గుణకారం 1995లో ఎవరైనా చేయగలిగినదే. దానికి నమూనాలు అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. పంట పడిపోయిన దేశంలో ధర ఒక్కటే సరిచేస్తే వచ్చేది ఎంతో అది చెప్పేస్తుంది. కొత్త చెట్లు, మందు పిచికారీ, రోడ్లు లేకుండా ధర పెంపు ఒక్కటే పెద్ద మార్పు తీసుకురాజాలదు.

ఇక దారిలో ఆగేది. రైతు ధర పెరిగిన మాట నిజం. కానీ గింజ పల్లె నుంచి నకాలా రేవుకు చేరేలోపు సైకిల్ మీద వచ్చి కొనేవాడు, దుకాణదారు, టోకు వ్యాపారి, ఎగుమతిదారు అందరి చేతులూ మారాలి. యుద్ధంలో రోడ్లు పాడయ్యాయి. ఒక పల్లెకు ఇద్దరు కొనుగోలుదార్లు వస్తే అదే ఎక్కువ. పన్ను తగ్గినప్పుడు మిగిలిన డబ్బు ముందు రేవు దగ్గరున్నవాడి చేతిలో పడుతుంది. పక్కవాడు ఎక్కువ ధర ఇస్తాడన్న భయం ఉంటేనే అతను దాన్ని కిందికి దింపుతాడు.

ఇందులో నా తప్పు ఒకటి చెప్పాలి. మరో దేశంలో, మరో పంట మీద, ఎగుమతి పన్ను తగ్గింపుకు నేను పట్టిక తయారు చేశాను. తగ్గిన పన్నులో 80 శాతం రైతుకు చేరుతుందని ఒక గడిలో రాశాను. ఆ 80 ఎక్కడి నుంచి వచ్చిందంటే అంతకుముందు ఫైలులో ఉంది, అందులోకి దాని ముందు ఫైలు నుంచి వచ్చింది. కోత కాలంలో ఒక కొనుగోలు కేంద్రానికి వెళ్ళి కూర్చుంటే తెలిసింది. వచ్చిన రైతుల్లో ఎక్కువమంది ఆకలి నెలల్లో ఆ వ్యాపారి దగ్గరే ధాన్యం అప్పు తెచ్చుకున్నారు, ధర అప్పుడే ఖాయమైపోయింది. రేవులో పన్ను ఎంత తగ్గినా ఆ ఏడాదికి వాళ్ళకు సంబంధం లేదు. ఒక ముసలాయన తూకం అయ్యాక చేతిలో పడిన నాణేలను లెక్కపెట్టకుండానే జేబులో వేసుకున్నాడు, ఎంత వస్తుందో ఆయనకు ఐదు నెలల ముందే తెలుసు. నా 80 శాతం మీద ఆ దేశపు మంత్రివర్గం నిర్ణయం తీసుకుంది. ఆ గడి నింపింది నేను, అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కుదుటపడదు.

కొనేవాళ్ళ గురించి ఇంకో మాట. పప్పుకు అమెరికా, యూరప్ దేశాల్లో ఎందరో కొనుగోలుదార్లు. అప్పట్లో మొజాంబిక్ పచ్చి గింజను కొనే దేశం దాదాపు ఒక్కటే, భారతదేశం. అక్కడి ఫ్యాక్టరీలకు సొంత పంట చాలదు, ఆఫ్రికా గింజ కావాలి, కానీ ఏ దేశం నుంచి కొనాలో ఎంచుకునే వీలు వాళ్ళకుంది. పది మంది కొనే సరుకును వదిలి ఒక్కరే కొనే సరుకు వైపు జరగమని ఒక దేశానికి సలహా ఇచ్చేముందు ధర ఎవరు నిర్ణయిస్తారో అడగాలి.

ఎదురుగా ఘనాను పెట్టి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. 1960ల మధ్యలో 5 లక్షల 50 వేల టన్నులు దాటిన కోకో పంట 1983-84లో 1 లక్షా 60 వేల లోపుకు పడిపోయింది. 1983లో మొదలైన సంస్కరణల కింద రైతుకిచ్చే ధర పెంచారు, దశాబ్దం చివరికి పంట 3 లక్షల టన్నుల దరిదాపులకు తిరిగొచ్చింది. అక్కడ రైతు దగ్గర మిగులు లాక్కుంటున్నది ప్రభుత్వ కోకో బోర్డు, ధర ప్రకటించేదీ అదే. బోర్డు ధర పెంచిన రోజున అది నేరుగా రైతుకు చేరింది. మొజాంబిక్‌లో పెంచమని చెప్పడానికి అలాంటి చెయ్యి ఒకటి లేదు. రెండు చోట్లా పాఠం "రైతు ధర పెంచండి" అనే ఒక్క ముక్కే. ఒకచోట పనిచేసిన ముక్క రెండోచోట పనిచేస్తుందనుకున్నారు.

నమ్మకం

జీడిమొక్క కాపుకు రావడానికి మూడు నుంచి ఐదేళ్ళు, నిండుగా కాయడానికి ఇంకా ఎక్కువ. అంటే మొక్క నాటే రైతు ఈ ఏడాది ధర చూడడు. ఐదేళ్ళ తర్వాత ధర ఎలా ఉంటుందని నమ్ముతున్నాడో దాన్ని బట్టి నాటుతాడు. ఆ రైతు చూసింది ఏమిటి? నిషేధం, తర్వాత 60 శాతం, 20, 14. ఇంతలో ఫ్యాక్టరీ యజమానులు, కార్మిక సంఘం, పత్రికలు, పార్లమెంటు సభ్యులు ఒక్కటై వ్యతిరేకించారు. 1997 ఆరంభంలో బ్యాంకు అధ్యక్షుడు జేమ్స్ వోల్ఫెన్సన్ మాపుతో వచ్చినప్పుడు ఇదే ప్రశ్న ఎదురైంది, విధానాన్ని మళ్ళీ పరిశీలించడానికి ఆయన ఒప్పుకున్నారు. బయటి సలహాదారులతో చేయించిన అధ్యయనం పరిశ్రమకు రక్షణ ఉండాలనే చెప్పింది. 1999లో పార్లమెంటు పన్నును తిరిగి 18-22 శాతం మధ్యకు పెంచుతూ చట్టం చేసింది.

నా మటుకు నాకు ఇందులో పార్లమెంటును తప్పుపట్టే ఉద్దేశం లేదు. ఎన్నికైన సభ ఒక పన్ను మీద చర్చించి నిర్ణయించింది, 1995లో జరగాల్సింది 1999లో జరిగింది. ఈ నాలుగేళ్ళ ఊగిసలాటకు మూల్యం మాత్రం రెండు వైపులా పడింది. పన్ను తగ్గుతుందని నమ్మని రైతు మొక్క నాటలేదు. పన్ను నిలుస్తుందని నమ్మని యజమాని యంత్రం మార్చలేదు. ప్రభుత్వం తనది కాని నిర్ణయాన్ని సంతకం పెట్టి తెచ్చుకుంటే, అది ఎన్నాళ్ళు నిలుస్తుందో ఊరి చివరి రైతుకు కూడా అంచనా ఉంటుంది.

ఆ తర్వాత జరిగింది రెండు పక్షాలవాళ్ళూ ఊహించనిది. 2000ల తొలి ఏళ్ళలో నంపులా పల్లె ప్రాంతాల్లో చిన్న చిన్న జీడి ఫ్యాక్టరీలు లేచాయి. టెక్నోసర్వ్ అనే స్వచ్ఛంద సంస్థ సాంకేతిక సాయం చేసింది. ఈసారి పెద్ద యంత్రాలు లేవు, భారతదేశంలో లాగా చేత్తో కొట్టే పద్ధతి. చెట్లకు దగ్గరగా, తక్కువ పెట్టుబడితో. బ్యాంకు నిపుణులు పాత యంత్రాల గురించి చెప్పింది నిజమని ఇవి రుజువు చేశాయి. ఆఫ్రికాలో జీడి పరిశ్రమ బతకదన్న నిర్ధారణ తప్పని కూడా ఇవే రుజువు చేశాయి. పచ్చి గింజ మీద ఎగుమతి పన్ను కొనసాగింది. అందులో కొంత భాగం ప్రభుత్వ జీడి సంస్థ ఇంకాజు ద్వారా మొక్కల పంపిణీకి, బూడిద తెగులుకు మందు కొట్టడానికి వెళ్ళింది. వేలమందికి మళ్ళీ పని దొరికింది. పని దొరికినవాళ్ళు వేరు, మాపుతోలో పని పోయినవాళ్ళు వేరు. లెక్కల్లో వీళ్ళను వాళ్ళతో కొట్టివేయడం నాకు ఒప్పదు.

నేనైతే ఆ పన్నును 1995లో ముట్టుకునేవాణ్ణి కాదు అని చెప్పలేను. రైతు మీద పడిన భారం అన్యాయమైనదే. కానీ మొదటి రెండేళ్ళు పన్ను రాబడిని పూర్తిగా చెట్ల మీద పెట్టమనేవాణ్ణి, ఫ్యాక్టరీలకు సీజన్ అప్పుకు హామీ నిధి అడిగేవాణ్ణి, చేత్తో కొట్టే పద్ధతికి మారడానికి గడువు ఇచ్చేవాణ్ణి. పని పోయేవాళ్ళకు పరిహారం రుణంలోనే రాసేవాణ్ణి. లాభపడేవాళ్ళు నష్టపోయేవాళ్ళకు పరిహారం ఇవ్వగలరు కాబట్టి సంస్కరణ మంచిదే అని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఇవ్వగలరు అన్నచోట ఆగిపోయిన ఫైళ్ళు నా అల్మారాలో చాలా ఉన్నాయి, ఇచ్చారు అని ముగిసినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

2004లో బ్యాంకు సర్దుబాటు రుణం అన్న పేరే మార్చి అభివృద్ధి విధాన రుణం అంది. షరతుల సంఖ్య తగ్గింది, సంప్రదింపులు పెరిగాయి, పట్టిక మాత్రం అలాగే ఉంది. మొన్న అలాంటి పట్టిక ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. మొదటి విడతలోనే ఒక నూనెగింజ మీద ఎగుమతి పన్ను రద్దు, రైతుకు చేరేది 75 శాతం అని అంచనా. నేను వెనక్కి పంపుతూ రేవులో ఆ గింజ కొనేవాళ్ళు ఎంతమంది, వాళ్ళెవరు అని ఒక్క వాక్యం రాశాను. రెండు వారాలకు జవాబు వచ్చింది. ముగ్గురు, అందులో ఇద్దరు ఒకే కుటుంబం. ఇప్పుడు మొదటి విడతలో గోదాములు, తూకం చట్టం, రైతులకు సీజన్ ముందు అప్పు ఉన్నాయి. పన్ను మూడో విడతకు వెళ్ళింది, 75 శాతం ఉన్న గడిని ఖాళీగా వదిలాం. రెండు కోతల ధరలు ఊరూరా సేకరించాక దాన్ని నింపాలి.